తల మింగితే కాయ మిగిలింది

మా అత్తగారింట్లో నా ముందు ఎవరూ గడ్డి మాటెత్తరు. అది మర్యాద. నేను చెప్పులేసుకుని గడప దాటగానే వేరే మాటెత్తరు అంటే ఒట్టు. అది వినోదం. కన్నకూతురి మీద ప్రేమ, చేతిలో ఫోను, బుర్రలో తొందర, ఈ మూడూ ఒకచోట కలిస్తే ఒక మనిషి గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఎంత నవ్వులపాలు కావచ్చో అంతా అయ్యాను. మీరు కూడా నవ్వుకోండి. నాకేమీ అభ్యంతరం లేదు, అలవాటైపోయింది.

గద్వాలలో నాకో ఫోటో స్టూడియో ఉంది. మా ఆవిడ సుజాతది నాగర్‌కర్నూల్. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది, ఆడపిల్ల పుట్టింది, చిట్టి అని ముద్దుపేరు పెట్టుకున్నాం. తల్లీబిడ్డలు అక్కడ, నేనిక్కడ, నడుమ వనపర్తి. పని లేని రోజున బస్సెక్కి పోయి, చిట్టిని చూసి, మళ్ళీ బస్సెక్కి రావడం. అప్పటికి చిట్టికి మూడో నెల నడుస్తోంది.

ఫోటోగ్రాఫరు బిడ్డకు ఫోటోలు తక్కువైతే ఊరు ఊరుకోదు కదా. ఆ ఆదివారం చిట్టి తలకు ఒక పూలకిరీటం తొడిగి పడుకోబెట్టాను. కిరీటం కుడివైపుకు జారింది. సర్దాను. మళ్ళీ కుడివైపుకే జారింది. కిరీటం అమ్మినవాణ్ణి మనసులో తిట్టుకుని, సాగే రబ్బరున్న ఇంకో కిరీటం కొనుక్కొచ్చి పెట్టాను. అదీ కుడివైపుకే పోయింది. ‘కిరీటాలన్నీ ఒకే పార్టీలో చేరినట్టున్నాయి’ అనుకున్నానే గానీ, కిరీటం కింద ఉన్నదాని మీదికి నా బుద్ధి పోలేదు. స్టూలెక్కి పైనుంచి నాలుగు ఫోటోలు కొట్టి గద్వాల వచ్చేశాను.

స్టూడియోలో పెద్ద స్క్రీన్ మీద ఆ ఫోటో తెరిచాక అర్థమైంది. తప్పు కిరీటానిది కాదు. చిట్టి తల వెనకాల కుడిపక్క, గోడకు కొట్టిన పిడక లాగా, సపాటుగా ఉంది. ఎడమపక్క గుండ్రంగా ఉంది. ఫోటోను ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఎటు తిప్పినా తల అట్లాగే ఉంది.

ఇక నాకు కాలు నిలిస్తే చెయ్యి నిలవలేదు, చెయ్యి నిలిస్తే మనసు నిలవలేదు. ఆడపిల్ల. రేపు జడ వేస్తే పాపిట ఎటు పోవాలి? పెళ్ళిలో బాసికం కడితే ఎటు జారాలి? అసలు అటుపక్క ఉండాల్సిన తెలివి ఎక్కడికి పోయినట్టు? ఫోన్లో వెతికితే, విదేశాల్లో ఇటువంటి పిల్లలకు హెల్మెట్లు తొడిగిన వీడియోలు వచ్చాయి. హెల్మెట్ లేదని పోలీసులు నన్నే ఎన్నోసార్లు ఆపారు. నా పాపం నా కూతురికి చుట్టుకుందనుకున్నాను.

ఆ వారం మానవపాడులో ఒక పెళ్ళి ఒప్పుకున్నాను. మండపంలో ఎవరిని చూసినా నాకు మొహం కనిపించలేదు, తలకాయే కనిపించింది. ఇతనిది గుండ్రం, ఆమెది కోల, పంతులుగారిది వెనకాల కొంచెం లోతు. ఆల్బం చూసుకున్న పెళ్ళికొడుకు తండ్రి, మా వాళ్ళ మొహాలకంటే నడినెత్తులే ఎక్కువున్నాయేమిటని నెమ్మదిగా అడిగాడు. అదొక కొత్త స్టైలని చెప్పి తప్పించుకున్నాను.

సుజాతకు ఫోన్ చేసి విషయం చెప్పాను. తనకు ముందే తెలుసంది. చిట్టి ఎప్పుడూ కిటికీ వైపే, అంటే కుడివైపే తల తిప్పి పడుకుంటుందట. తనే సరిగా పడుకోబెట్టడం లేదేమోనని, అడిగితే అందరూ తననే అంటారని, ఎవరికీ చెప్పకుండా లోలోపల కుములుతోందట. చెబుతూనే ఏడ్చింది. నేను ధైర్యం చెప్పబోయి, తనతోపాటు నేనూ ఏడ్చాను. చివరికి ఆమే తేరుకుని నాకొక ఆజ్ఞ జారీ చేసింది.

"ఎవ్వరికి చెప్పకు. మా చిన్నమ్మకైతే అసలే చెప్పకు. ఆడపిల్లకు వంకర తల అని పేరు పడితె, ఆ పేరు పెళ్ళిదాంక పోతది."

సుజాత చిన్నమ్మ అంటే నాకు చిన్నత్త. ఆమె చెవిన ఒక మాట పడితే, ఆమె బస్సు దిగేలోపే ఆ మాట ఊరు చేరి, చేతులు కడుక్కుని, అన్నానికి కూర్చుంటుంది. అంతటి మనిషి.

మా వీధిలో మందుల షాపు నడిపే దోస్తును రహస్యంగా అడిగితే, వనపర్తిలో పిల్లల డాక్టరున్నారు, చెయ్యి మంచిదని నంబరు చెప్పాడు. దాన్ని ‘డాక్టర్ వనపర్తి’ అని సేవ్ చేసుకున్నాను. ఇక్కడే మీకొక సంగతి చెప్పాలి. నా ఫోన్లో అంతకుముందే ‘డాక్టర్ సాబ్ వనపర్తి’ అని ఇంకొకాయన ఉన్నాడు. ఆయన అసలు పేరు వెంకట్రాములు. విత్తనాలు, పురుగుమందుల దుకాణం. ఎండిన ఆకు చూసి చేనుకొచ్చిన రోగమేమిటో చెబుతాడని చుట్టుపక్కల రైతులందరూ ఆయన్ను డాక్టర్ సాబ్ అంటారు. ఎప్పుడో వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షనుకు నేనే ఫోటోలు తీశాను. ఈ రెండు పేర్లూ నా ఫోన్లో ఒకదాని కింద ఒకటి, కవలల్లాగా పడుకుని ఉన్నాయి. మీకిప్పుడే తెలిసిపోయింది. నాకు తెలియడానికి చాలా అవమానం ఖర్చయింది.

నాగర్‌కర్నూల్ బస్సెక్కి కూర్చున్నాను. పక్క సీట్లో ఎవరో చీరల సంచితో వచ్చి కూర్చుంటే, జరిగి చూశాను కదా, చిన్నత్త. గద్వాల చీరలు కొనడానికొచ్చి తిరిగి వెళుతోంది. క్షేమసమాచారాలు అయ్యాయి. బస్సు కదిలింది. నాలో తొందర కూడా కదిలింది. దిగాక ఫోన్ చేస్తే కొంప మునుగుతుందా అని మీరడుగుతారు. మునగదు. కానీ ఆగగలిగినవాడికి ఇట్లాంటి కథలు రాసుకోవలసిన అవసరం రాదు. కిటికీ వైపు తిరిగి, ఫోన్ తీసి, ‘డాక్టర్’ అన్నచోట నొక్కబోయాను. సరిగ్గా అప్పుడే బస్సు గుంతలో పడింది. వేలు ఎక్కడ పడిందో నేను చూసుకోలేదు.

"నమస్తే డాక్టర్ సాబ్. గద్వాల నుంచి ఫోటోల శేఖర్‌ను."

"ఆ శేఖర్, చెప్పు. మంచిగున్నవా?"

నా దోస్తు ముందే చెప్పిపెట్టాడు కాబోలని సంతోషించాను. "మాది తలకాయ" అనబోయాను. పక్కన చిన్నత్త చీరకొంగు సర్దుకుంటూ చెవి ఇటు పెట్టడం కంట పడింది. చప్పున ‘తల’ మింగేశాను. బయటికి మిగతాదే వచ్చింది.

"మాది... కాయ సార్. ఒక పక్క సపాటయింది."

అవతల ఆయన గొంతు మారింది. పనిలోకి దిగిన మనిషి గొంతది.

"ఏ పక్క? కింది పక్కనా?"

"ఔ సార్. ఎప్పుడు జూసినా గదే పక్కకు పండుతది."

మా పాలమూరులో పండడమంటే పడుకోవడం. కాయల విషయంలో ఆ మాటకు వేరే అర్థముందని ఆ క్షణాన నాకు తోచలేదు.

"అప్పుడే పండుతున్నదా? ఎన్ని నెలలాయె?"

"మూడో నెల నడుస్తున్నది."

"అయితె టైముకే పండుతున్నది. బరువెంతుంటది?"

"ఐదు కిలోల మీదనే సార్."

"మంచి బరువు. గసోంటియి ఎన్నున్నయి?"

మనుషులను ‘అటువంటివి ఎన్ని’ అని లెక్కపెట్టడమేమిటని ఒక్క క్షణం అనిపించింది. పెద్ద డాక్టరు, రోజూ ఎందరినో చూస్తాడు, అలవాటైపోయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"ఒక్కటే సార్. మొదటిది."

ఆయన ఎంతో ఓదార్పుగా, "తీగకు ఒక్కటి నిలిచినా చాలు శేఖర్. బలమంతా దానికే పోతది" అన్నాడు.

నా కళ్ళు చెమర్చాయి. ఇంత కవి హృదయమున్న డాక్టరును నేను నా జన్మలో చూడలేదు. ఇక ఆయన చెబుతున్నాడు, నేను ఊ కొడుతున్నాను. రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ ఉండాలట. ఒక్కసారే గిరుక్కున తిప్పితే తొడిమె దగ్గర మెలిపడుతుందట. మెడను తొడిమె అన్నందుకు ఆయన మీద ఇంకాస్త గౌరవం పెరిగింది. తెల్లగా ఉన్న పక్కకు పొద్దుటి ఎండ చూపించాలట. నేలతడి తగలకుండా కింద మెత్తగా వరిగడ్డి వెయ్యాలట. గడ్డి దగ్గర నాకు కొంచెం గుండె ఆగింది గానీ, ఈమధ్య అందరూ పాత పద్ధతులకే మళ్ళుతున్నారు కదా అనుకున్నాను. వేలితో కొట్టి చూడాలట. కంచులాగా ఖంగుమంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టట, బొద్దుగా మోగితే సరిపోయినట్టట.

"ఇంకొకటి శేఖర్. ఈ టైముల మందు కొట్టకు. కొట్టినవంటే అంత ఖరాబయితది."

నేను సిగ్గుతో కుంచించుకుపోయాను. మానవపాడు పెళ్ళిలో వాళ్ళు బలవంతం చేస్తే ఒక బీరు తాగిన మాట నిజమే. అది వనపర్తి దాకా ఎట్లా వచ్చింది? తండ్రి తాగితే బిడ్డ తల సపాటవుతుందా? సైన్సులో ఎన్ని సంగతులో.

"కొట్ట సార్. ఒట్టు. ఇయ్యాల్టి నుంచి బంద్."

"మంచిది. అయినా నేను కండ్ల జూస్తెనే ఖాయంగ చెప్పగలుగుత. వీలైతె పట్టుకరా. సంచిల వెయ్యకు, దెబ్బ తగులుతది. చేతుల మీద పట్టుకరా."

ఫోన్ పెట్టేశాక చిన్నత్త, ఏమైందల్లుడా అని అడిగింది. కెమెరా రిపేరని చెప్పాను. ఆమె పాపం నమ్మింది. ఆ రోజు నన్ను నమ్మి చెడిపోనిది ఆమె ఒక్కతే.

నాగర్‌కర్నూల్‌లో దిగగానే ఊరిచివర బర్రెలున్న ఇల్లొకటి వెతుక్కుని వరిగడ్డి అడిగాను. ఫోటోగ్రాఫరు చొక్కాలో, చేతిలో కెమెరా సంచితో, భుజాన గడ్డిమోపుతో మా అత్తగారి వీధిలో నడుస్తుంటే ఆటోలవాళ్ళు హారన్ కొట్టడం కూడా మరిచిపోయి చూశారు. కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు, తల చిట్టిది, తిప్పలన్నీ నావి.

మా అత్త గడపలో నన్ను చూసి, మనకు బర్రె లేదు కదా అల్లుడా అంది. చిట్టికి, అన్నాను. ఆమె మొహంలో ఎన్ని రంగులు మారాయో ఫోటో తీసి ఉంటే బహుమతి వచ్చేది. నేను వివరించాను. డాక్టరు చెప్పాడన్నాను. కింద గడ్డి వెయ్యాలి, తొడిమె జాగ్రత్త అన్నాను. తొడిమె ఏంది అని ఆమె అడుగుతుండగానే చాప మీద ఆడుకుంటున్న చిట్టి దగ్గరికి పోయి వేలితో తల మీద మెల్లగా ‘టక్’మని కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాను. ఖంగుమనలేదు, బొద్దుగానూ మోగలేదు. బావురుమంది.

ఇల్లంతా ఒక్కసారి కదిలింది. సుజాత పరుగున వచ్చి చిట్టిని ఎత్తుకుంది. మా అత్త, రాగుల దిండు మీద పడుకోబెడితే చాలు, గడ్డీ గిడ్డీ ఏమీ వద్దంది. ఆ దిండు కూడా డాక్టరునడిగే వెయ్యాలని నేను. తను పెంచిన బిడ్డల తలలు ఏమయ్యాయని ఆమె. నడుమ సుజాత ఒక్కటే మాట చెప్పింది.

"గడ్డి మీద నా బిడ్డ పండదు."

గోడకు ఆనుకుని మా మామ ఇదంతా చూస్తున్నాడు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి. స్తంభమెక్కినవాడు కిందున్న వాళ్ళతో ఎంత మాట్లాడతాడో, ఇంట్లోనూ అంతే మాట్లాడతాడు. గడ్డిమోపు చుట్టూ ఒకసారి తిరిగి, "ఆ డాక్టరును నేను చూడాలె" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకుని బయలుదేరాం. ముందు సీట్లో మామ, వెనక నేను, అత్త, చిట్టిని ఒళ్ళో పెట్టుకుని సుజాత. దారి పొడుగునా సుజాత చిట్టి తల మీద అరచెయ్యి బోర్లించి ఉంచింది, కారు కుదుపులకు ఉన్నది కూడా ఎక్కడ పోతుందోనన్నట్టు. నేను కిటికీ దించాను, ఎక్కించాను, మళ్ళీ దించాను. బిడ్డకు గాలి కొడుతుందని అత్త కసిరితే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. హెల్మెట్ అంటే ఒప్పుకోవాలా, ఆపరేషన్ అంటే ఎక్కడికి పోవాలి, నా తలలో ఇవే తిరుగుతున్నాయి. వనపర్తి దగ్గరపడుతుండగా నిన్నటి కాల్ మీదే మళ్ళీ నొక్కితే డాక్టర్ సాబ్ ఎత్తాడు. దుకాణంలోనే ఉన్నానని, తీసుకురమ్మని, మార్కెట్ పక్క దారి చెప్పాడు. ఆసుపత్రిని దుకాణమంటున్నాడంటే ఎంత నిగర్వి అని మా మామతో కూడా అన్నాను. ఆయన తిరిగి నా మొహం వైపు చూశాడు.

చెప్పిన చోట కారు ఆగింది. ముందర వరసగా మందుకొట్టే పంపులు వేలాడుతున్నాయి. ఎరువుల బస్తాలు. బస్తాల మీద కూర్చుని ఇద్దరు ముగ్గురు రైతులు. గోడ నిండా బొమ్మ: నడిమికి కోసిన పుచ్చకాయ, ఎర్రగా నవ్వుతూ. ఆసుపత్రి పైఅంతస్తులో ఉంటుందేమోనని నేను మెట్ల కోసం వెతుకుతున్నాను. లోపలినుంచి వెంకట్రాములు బయటికొచ్చాడు. మొహం చూడగానే ఓణీల ఫంక్షను, స్టేజీ, నేను తీసిన ఫోటోలు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఆయన చేతిలో పొడుగాటి కత్తి ఉంది.

"రా శేఖర్. ఏది, గీ బల్ల మీద పెట్టు. కోసి చూస్తె లోపలి సంగతి తెలుస్తది."

సుజాత చిట్టిని గుండెకు అదుముకుని వెనక్కి జరిగి కారు తలుపుకు ఆనుకుంది. మా అత్త ఆమెకు అడ్డంగా నిలబడింది. మా మామ ముందు కత్తిని చూశాడు, తర్వాత గోడ మీది పుచ్చకాయను చూశాడు, చివరికి నన్ను చూశాడు. లైన్‌లో ఫాల్టు ఎక్కడుందో ఆయనకు దొరికిపోయింది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. నేను పుచ్చకాయ డాక్టరును చూసి తల తడుముకున్నాను.

"కాయ ఏది?" అన్నాడు ఆయన మళ్ళీ.

నేను చిట్టి వైపు వేలు చూపించాను. అంతకంటే నాకేమీ చేతకాలేదు.

ఆయన చూశాడు. కత్తి మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. ఎంతో మర్యాదగా, "గిది మనిషి గద శేఖర్" అన్నాడు.

బస్తాల మీది రైతులు లేచి నిలబడ్డారు, బాగా కనబడడానికి. ఫోన్లో నేను అన్న మాటలు, ఆయన అన్న మాటలు ఒక్కొక్కటే పైకి తీసి సరిచూసుకున్నాం. మూడో నెల. ఐదు కిలోలు. ఒక పక్కకు పండుతది. ఆయన నెత్తి పట్టుకుని బస్తా మీద కూలబడ్డాడు. నువ్వు ఫోటోలు మానేసి పుచ్చ పెట్టావనుకున్నాను, ఒక్కటే కాసిందంటే పాపం ఎంత నష్టపోయావోనని రాత్రి అన్నం కూడా సయించలేదు అన్నాడు. తర్వాత భయంభయంగా అడిగాడు.

"గడ్డి ఎయ్యలేదు గద?"

"ఎయ్యబోయిండు" అన్నాడు మా మామ.

మొదట నవ్వింది సుజాత. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళొచ్చాయి, ఆ నీళ్ళు ఎప్పుడు నిజం ఏడుపయ్యాయో ఎవరికీ తెలియలేదు. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా ఆ ఎరువుల వాసనలో నిలబడి కడిగేసుకుంది. మా అత్త ఆమె వీపు నిమిరింది. రైతులు నవ్వు ఆపుకుని పక్కకు చూశారు. వెంకట్రాములు చెప్పులు వేసుకుని, దుకాణం రైతులకు అప్పజెప్పి, మాకు ముందు నడిచి పక్కవీధిలోని అసలు పిల్లల దవాఖానకు తీసుకుపోయాడు. మేం లోపలికి పోతే తను బయటే నిలబడ్డాడు, మా ఇంటి మనిషిలాగా.

లోపల డాక్టరు ఒక ఆడమనిషి. ‘డాక్టర్ వనపర్తి’ ఆడో మగో కూడా నేను అడిగి తెలుసుకోలేదని అప్పుడు తేలింది. ఆమె చిట్టి తల చుట్టూ వేళ్ళతో తడిమింది. పైనుంచి చూసింది. రెండు చెవులూ ఒక వరసలో ఉన్నాయా అని చూసింది. మాడు చూసింది. మెడ అటూ ఇటూ మెల్లగా తిప్పి, ఒక పక్కకు కొంచెం బిగువుగా ఉంది, అందుకే ఎప్పుడూ ఒకేవైపు తిప్పుకుంటోందని చెప్పింది. అందుకు చేయించాల్సిన చిన్న వ్యాయామాలు దగ్గరుండి సుజాతకు నేర్పింది. పసిపిల్లల ఎముక మెత్తగా ఉంటుంది, ఒకేవైపు ఒత్తిడి పడితే అటు సపాటవుతుంది, చాలామంది పిల్లల్లో చూస్తూనే ఉంటామంది. పడుకోబెట్టడం మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే, దిండు లేకుండా. మెలకువగా ఉన్నప్పుడు, పక్కన మనిషి ఉండగా, కాసేపు బోర్లా వెయ్యండి. పిలిచేటప్పుడు, ఆడించేటప్పుడు ఎడమవైపు నుంచి పిలవండి. ఇప్పటికి హెల్మెట్ అవసరం కనిపించడం లేదు, నెల తర్వాత మళ్ళీ తీసుకురండి, చూద్దాం. రాగుల దిండు వద్దనగానే నేను అత్త వైపు చూశాను. అత్త కిటికీ వైపు చూసింది.

సుజాత మెల్లగా, తనవల్లే ఇట్లా అయిందా అని అడిగింది.

"ఎవరి తప్పు కాదమ్మా. నువ్వు చూసినవు, తీసుకొచ్చినవు. గదే చాలు" అన్నది డాక్టరమ్మ.

ఆ ఒక్క మాటతో సుజాత భుజాలు దిగడం నేను చూశాను. అప్పటిదాకా అవి అంత ఎత్తున ఉన్నాయని కూడా నేను గమనించలేదు. ఫోటోగ్రాఫరునట.

నేనూరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. వేలితో కొట్టి చూడడం వల్ల ఏమైనా తెలుస్తుందా మేడం అని అడిగాను. ఎవరు చెప్పారని ఆమె అడిగింది. మా అత్త సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. డాక్టరమ్మ కాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది, భుజాలు ఊగాయి. మళ్ళీ ఇటు తిరిగి, కొట్టొద్దు, గడ్డి వద్దు, మందు మాత్రం నిజంగానే మానెయ్యడం మంచిదని చెప్పింది.

ఆ తర్వాత కొన్ని నెలలు నా బతుకంతా నేల మీదే గడిచింది. నాగర్‌కర్నూల్ పోయినప్పుడల్లా చిట్టికి ఎడమవైపున నేను బోర్లా పడుకుని, కోడిలాగా, రైలులాగా, మా మామ తుమ్మినట్టుగా రకరకాల చప్పుళ్ళు చేసేవాణ్ణి. అది కుడివైపు కిటికీని చూస్తుండేది. ఒకరోజు ఉన్నట్టుండి తల తిప్పి నా వైపు చూసి నవ్వింది. ఇంట్లో అందరం ఎన్నికల్లో గెలిచినట్టు కేకలు పెట్టాం, దానికి భయమేసి మళ్ళీ కిటికీ వైపు తిప్పేసుకుంది. పాకింది, కూర్చుంది. తల కూడా నెమ్మదిగా సర్దుకుంటూ వచ్చింది. ఇప్పటికీ తడిమి చూస్తే అక్కడ కొంచెం తేడా ఉంది. జుట్టు దాన్ని దాచేసింది. తడిమి చూసేది కూడా నేనొక్కణ్ణే.

మొదటి పుట్టినరోజు గద్వాలలో చేశాం. వెంకట్రాములు వనపర్తి నుంచి ప్రత్యేకంగా వచ్చాడు. మేం పోయిన రోజు దుకాణంలో బస్తా మీద కూర్చున్న ఒక ముసలి రైతును కూడా వెంటబెట్టుకొచ్చాడు. ‘ఆ కాయను నేనూ చూస్తా’నని ఆయనే పట్టుబట్టి వచ్చాడట. వెంకట్రాములు చిట్టిని ఎత్తుకుని, అరచేత్తో తల చుట్టూ నిమిరి, ఎక్కడా సపాటు లేదని అందరి ముందూ ప్రకటించాడు. ముసలాయన కూడా దగ్గరికొచ్చి పరీక్షగా చూశాడు. చిట్టి ఆయన తలపాగా పట్టి లాగింది. ఆయన మురిసిపోయి, విత్తనం మంచిదేనని మెచ్చుకున్నాడు.

అప్పటిదాకా ఓ మూల కుర్చీలో కూర్చుని లడ్డు తింటున్న మా మామ, స్తంభం దిగివచ్చినట్టు లేచి వచ్చాడు. నన్ను ఒకసారి కింది నుంచి పైదాకా చూశాడు.

"విత్తనం మంచిదే. రైతే జర కొత్త" అన్నాడు.

ఆ నవ్వులకు కేకు మీది కొవ్వొత్తి దానంతటదే ఆరిపోయింది.

ఆనాడే, బంధుమిత్రుల సమక్షంలో, కేకు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. మన తెలుగులో ఆడపిల్లకూ కాయకూ ఒకటే క్రియ. అదీ పండుతుంది, ఇదీ పండుతుంది. అదీ ఉంటుంది, ఇదీ ఉంటుంది. ఇటువంటి ప్రమాదకరమైన భాషలో సంసారం చేసేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. కాబట్టి ఇకమీదట ఈ శరీరంలో ప్రాణమున్నంత వరకూ బస్సులో డాక్టరుకు ఫోన్ చెయ్యను. చేసినా గుసగుసలాడను. బిడ్డకు చిన్న జలుబు చేసి పిలిచినా సరే, అవతల ఎవరెత్తినా సరే, నా మొదటి మాట ఇదే.

"నమస్తే సార్. మనిషి గురించే."